లష్కర్ దేవతలు: సికింద్రాబాద్‌లో మతం, మంత్రం, అతీంద్రియ విశ్వాసాలు

సికింద్రాబాద్ ప్రజల నమ్మకాల ప్రపంచంలో గ్రామదేవతల ఆరాధన, ఆషాఢ బోనాలు, రంగం అనే భవిష్యవాణి, పూనకాలు, దిష్టి తీయడం, తాయెత్తులు, దర్గా మొక్కులు, చేతబడి భయాలు కలగలిసి ఉంటాయి. వీటిలో కొన్ని గుడిలో, కొన్ని వీధిలో, కొన్ని ఇంటి గడపలో జరుగుతాయి. పూజారి, పోతురాజు, మాతంగి, బైండ్లవారు, ఇంట్లో పెద్దావిడ ఎవరి పాత్ర వారు పోషిస్తారు. అన్నింటికీ అడుగున ఉన్న సూత్రం ఒక్కటే. దేవతకూ ఊరికీ మధ్య ఒక ఒడంబడిక ఉంది: ఆమె జబ్బును పొలిమేర దాటిస్తుంది, ఊరు ఆమెకు అన్నం పెడుతుంది. ఏటా ఆ లెక్క సరిచూసుకునే సందర్భమే బోనాలు.

చారిత్రక నేపథ్యం

1798లో నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాక హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన కంపెనీ దండు విడిది చేసింది. ఆ విడిది చుట్టూ పెరిగిన బస్తీకి 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అన్న పేరు వచ్చింది. జనం నోట మాత్రం అది లష్కర్. ఆ మాటకు దండు అని అర్థం. ఇప్పటికీ ఇక్కడి బోనాలను లష్కర్ బోనాలు అనే అంటారు.

దండు ఊరికి దండు జబ్బులు తప్పవు. వేలమంది ఒకచోట గుడారాల్లో ఉండి ఒకే చెరువు నీళ్లు తాగితే కలరా చుట్టుముట్టడానికి ఎంతోసేపు పట్టదు. తెలంగాణలో ఆ జబ్బును గత్తర అన్నారు. తొలి కలరా మహమ్మారి 1817లో బెంగాల్‌లో మొదలైనట్టు వైద్య చరిత్ర లెక్కపెడుతుంది. ఆ ఏడాది చివర బుందేల్‌ఖండ్‌లో గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ సైన్యాన్ని అది కకావికలు చేసింది. అంతకు ముందు కూడా దేశంలో అక్కడక్కడ ఈ జబ్బు చెలరేగుతూనే ఉండేది. సైన్యం నడిచిన దారినే కలరా నడిచింది. లష్కర్ దేవత కూడా అదే దారిన వచ్చిందని ఆలయ చరిత్ర చెబుతుంది.

ఆ కథ ప్రకారం సురిటి అప్పయ్య సైన్యంలో డోలీ మోసేవాడు. గాయపడ్డవాళ్లను, జబ్బుపడ్డవాళ్లను మోసుకెళ్లడం డోలీ బోయీల పని. కాబట్టి దండులో చావును అందరికంటే దగ్గరగా చూసేది వాళ్లే. 1813లో అప్పయ్యను ఉజ్జయినికి బదిలీ చేశారు. ఆ సమయంలో ఇక్కడ గత్తర వ్యాపించి జనం చనిపోతున్నారన్న కబురు అందింది. తోటివారితో కలిసి ఆయన ఉజ్జయినిలోని మహంకాళి గుడికి వెళ్లి, జబ్బు తగ్గితే లష్కర్‌లో అమ్మవారిని నిలబెడతానని మొక్కుకున్నాడు. 1815లో తిరిగి వచ్చి కొయ్య విగ్రహం ప్రతిష్ఠించాడు. 1864లో దాని స్థానంలో రాతి విగ్రహం వచ్చింది. గుడి పరిసరాల్లోని పాత బావి బాగుచేస్తుండగా దొరికిన మాణిక్యాలదేవి విగ్రహాన్ని మహంకాళి పక్కనే నిలిపారు. జనరల్ బజార్ దగ్గరి ఉజ్జయిని మహంకాళి ఆలయం ఇదే.

ఈ కథలో రాజు లేడు, ఆచార్యుడు లేడు, పురాణం లేదు. ఒక కూలి మనిషి, ఒక జబ్బు, ఒక మొక్కు మాత్రమే ఉన్నాయి. తెలుగునాట చాలా గ్రామదేవతల గుళ్ల పుట్టుక ఇలాంటిదే. లష్కర్ కథకు ఉన్న ప్రత్యేకత, మొక్కిన మనిషి పేరు, పని, ఏడాది నిలిచి ఉండటం.

దేవతలు

తెలంగాణలో గ్రామదేవతలను అక్కచెల్లెళ్లుగా చెప్పుకుంటారు. ఏడుగురు అంటారు గానీ ఆ ఏడు పేర్లు ఊరూరికీ మారతాయి. పోచమ్మ, ఎల్లమ్మ, మైసమ్మ, ముత్యాలమ్మ, మారెమ్మ, పెద్దమ్మ, అంకాలమ్మ, మహంకాళి పేర్లు తరచుగా వినిపిస్తాయి. పోతురాజు వీళ్ల తమ్ముడు, కావలివాడు.

ఒక్కో తల్లికి ఒక్కో హద్దు ఉంది. వేపచెట్టు కింద సున్నం కొట్టిన చిన్న గూడు పోచమ్మది. చెరువు కట్ట మైసమ్మది. హుస్సేన్ సాగర్ కట్ట కింద కట్ట మైసమ్మ గుడి ఉంది. 1560లలో ఇబ్రహీం కులీ కుతుబ్ షా ఏలుబడిలో కట్టిన చెరువుకు గ్రామదేవత కావలి కాయడం ఈ నగరానికి కొత్తగా తోచదు. ముత్యాలమ్మ పేరులోనే జబ్బు ఉంది. ఒంటి మీద ముత్యాల్లా లేచే మశూచి పొక్కులే ఆమె గుర్తులు. అందుకే మశూచి సోకిందని అనేవారు కాదు, అమ్మ పోసింది అనేవారు. జబ్బుపడ్డ బిడ్డను తల్లి ఆవహించినట్టు భావించి వేపాకుల మీద పడుకోబెట్టేవారు, తలంటు, పోపు, మాంసం మానేసేవారు. జబ్బు తెచ్చేదీ ఆమే, తీసుకుపోయేదీ ఆమే. ఈ రెండు పనులూ ఒకరివే కావడం వల్ల భయం, ప్రేమ కలిసిన ఒక చనువు పుట్టింది. తల్లి అని పిలుస్తారు, నిష్ఠూరమాడతారు, అలకతీరుస్తారు.

బల్కంపేట ఎల్లమ్మ విగ్రహం నేలమట్టానికి దిగువన, బావిలో ఉంటుంది. అక్కడి నీటినే తీర్థంగా తీసుకుంటారు. ఆషాఢంలో ఒక మంగళవారం ఎల్లమ్మ కల్యాణం జరుగుతుంది. ఎల్లమ్మను రేణుకగా చెప్పే కథ దక్కన్ అంతటా ఉంది. తండ్రి జమదగ్ని ఆజ్ఞతో పరశురాముడు గొడ్డలి ఎత్తినప్పుడు రేణుక ఒక మాతంగి ఇంట్లో దాక్కుంటుంది, ఇద్దరి తలలూ తెగుతాయి, బతికించేటప్పుడు తలలు తారుమారవుతాయి. అగ్రవర్ణపు తల, దళిత స్త్రీ దేహం ఒకటైన ఈ కథే, అమ్మవారి నోట మాట్లాడే అధికారం మాతంగికి ఎలా వచ్చిందో చెబుతుంది.

బోనాల క్రమం

బోనం అనే మాట భోజనం నుంచి వచ్చింది. కొత్త కుండలో లేదా ఇత్తడి పాత్రలో పాలు, బెల్లం వేసి అన్నం వండుతారు. కుండకు పసుపు, కుంకుమ, సున్నపు బొట్లు పెట్టి వేపకొమ్మలు చుట్టి, పైన మూకుడులో దీపం వెలిగిస్తారు. ఇల్లాలు దాన్ని తలకెత్తుకుని డప్పుల మధ్య గుడికి నడుస్తుంది. ఆమె వెంట పసుపు నీళ్లలో వేపాకు వేసిన సాక పోసి తల్లిని చల్లబరుస్తారు. వేడి జబ్బుకు గుర్తు, చల్లదనం శాంతికి గుర్తు. మొత్తం కర్మకాండను ఈ ఒక్క జంట పదాలతో చదవవచ్చు.

జంట నగరాల్లో పండుగ గోల్కొండ కోటలోని జగదాంబిక గుడిలో మొదలవుతుంది. తర్వాతి ఆదివారాల్లో సికింద్రాబాద్ మహంకాళి, ఆపై పాతబస్తీలో లాల్ దర్వాజా సింహవాహిని, హరిబౌలి అక్కన్న మాదన్న ఆలయాల వంతు వస్తుంది. ఆషాఢంలో అమ్మవారు పుట్టింటికి వస్తుందని నమ్మకం. అందుకే ఆమెకు ఒడిబియ్యం పోస్తారు, చీర పెడతారు. నమ్మకం పక్కన పెట్టి చూసినా ఆషాఢానికి కారణం ఉంది. తొలకరి నీరు వీధుల మురికిని బావుల్లోకి, చెరువుల్లోకి చేర్చే నెల అది, గత్తరకు అదే అదను.

లష్కర్‌లో పండుగ ఘటంతో మొదలవుతుంది. అమ్మవారి రూపంతో అలంకరించిన కలశం ఘటం. బోనాలకు సుమారు రెండు వారాల ముందు కర్బలా మైదాన్ వద్ద దానిని సింగారించి ఊరేగింపుగా తెస్తారు. దీన్ని ఎదుర్కోలు అంటారు, పెళ్లిలో వియ్యాలవారికి ఎదురేగినట్టే. ఆనాటి నుంచి ఘటం రోజూ బస్తీలు తిరుగుతుంది. ఆదివారం బోనాలు సమర్పిస్తారు. వెదురు పుల్లలు, రంగు కాగితాలతో కట్టిన తొట్టెలలు తెచ్చి గుడిలో వేలాడదీస్తారు. రాత్రి ఫలహారం బండ్లు డప్పులతో కదులుతాయి. సోమవారం ఉదయం రంగం, ఆ తర్వాత గావు, చివరకు ఏనుగు అంబారీ మీద అమ్మవారి సాగనంపు. పాతబస్తీలో ఘటాలు నయాపూల్ దగ్గర మూసీకి చేరతాయి.

మూసీకీ అమ్మవారికీ మధ్య మరో కథ ఉంది. 1908 సెప్టెంబరులో మూసీ ఉప్పొంగి నగరంలో వేలమందిని బలిగొన్నప్పుడు, ప్రధాని మహారాజా కిషన్ పర్షాద్ సలహాపై ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ లాల్ దర్వాజా అమ్మవారికి పసుపు కుంకుమలు సమర్పించి నదిని శాంతింపజేశాడని జనం చెప్పుకుంటారు. ముస్లిం పాలకుడు కూడా ఒడంబడికలో భాగస్వామి అయ్యాడన్నది ఆ కథ సారం.

పోతురాజు, గావు

ఊరేగింపు ముందు నడిచేది పోతురాజు. ఒంటినిండా పసుపు, నుదుట కుంకుమ, ఎర్ర ధోవతి, కాళ్లకు గజ్జెలు, నడుముకు వేపమండలు, చేతిలో కొరడా అతని వేషం. డప్పు దరువు పెరిగేకొద్దీ కొరడా ఝళిపిస్తూ ఆడతాడు. కొన్ని కుటుంబాల్లో ఈ పాత్ర వారసత్వంగా వస్తోంది. ఇటీవల వ్యాయామశాలల యువకులు కూడా కండలకు పసుపు పూసి బరిలోకి దిగుతున్నారు.

పోతురాజు అసలు పని గావు పట్టడం. ఒకప్పుడు మేకపిల్లను పళ్లతో పట్టి బలి ఇచ్చేవాడు. ఊళ్లలో పెద్ద జాతర్లకు దున్నపోతు బలి ఉండేది. ఆ రక్తం కలిపిన అన్నాన్ని రాత్రి వేళ ఊరి హద్దుల వెంట చల్లుతూ తిరిగేవారు. దాన్ని పొలి చల్లడం అంటారు. చావును, జబ్బును గీత అవతల ఉంచడం దాని ఉద్దేశం. బలుల మీద 1950 నాటి జంతు, పక్షి బలుల నిషేధ చట్టం ఉంది. ఆలయ కార్యక్రమంలో గుమ్మడికాయ మేకపిల్ల స్థానంలోకి వచ్చింది. పోతురాజు గుమ్మడికాయలతో గావు పడతాడు. ఇళ్లలో కోడి, మేక కోసి వండుకోవడం మాత్రం యథాతథంగా సాగుతోంది. బలి విందుగా మిగిలింది.

రంగం

లష్కర్ బోనాల్లో అందరూ ఎదురుచూసేది సోమవారం ఉదయం జరిగే రంగం. అమ్మవారికి అంకితమైన అవివాహిత స్త్రీ, మాతంగి, ముఖానికి పసుపు పూసుకుని గర్భగుడికి ఎదురుగా పచ్చికుండ మీద నిలబడుతుంది. పచ్చికుండ అంటే ఆవంలో కాల్చని కుండ. మామూలు వేళ మనిషి బరువుకు అది చితికిపోవాలి. నిలిచిందంటే తల్లి వచ్చినట్టే అని భక్తుల నమ్మకం.

ఆలయ పెద్దలు ప్రశ్నలు వేస్తారు. వానలు పడతాయా, పంటలు పండుతాయా, జబ్బులు రావు కదా, నీకు చేసిన పూజలతో సంతోషమేనా తల్లీ అని అడుగుతారు. మాతంగి నోట వచ్చే జవాబుల్లో దీవెన ఎంత ఉంటుందో దెప్పు అంత ఉంటుంది. పూజల్లో ఏం తగ్గిందో చెబుతుంది, తనను నిర్లక్ష్యం చేశారని కోప్పడుతుంది, ఐదు వారాలు సాక పోయమనో, పప్పు బెల్లాలు పెట్టమనో అడుగుతుంది. పెద్దలు చేతులు జోడించి ఒప్పుకుంటారు. భవిష్యవాణి అని పిలిచినా, ఇందులో జోస్యం కంటే బేరం ఎక్కువ. దేవాదాయ శాఖ అధికారులు, ప్రజాప్రతినిధులు కూడా అక్కడ నిలబడి మాట పడతారు. ఏడాదిలో మిగతా రోజులన్నీ వాళ్లకు దండం పెట్టే వర్గాల నుంచి వచ్చిన స్త్రీ ఆ కాసేపు వాళ్లను నిలదీస్తుంది. టీవీ చానళ్లు దీన్ని ప్రత్యక్షంగా చూపడం మొదలయ్యాక ఒక బస్తీ కర్మ రాష్ట్రమంతటి వార్త అయింది.

పూనకం

మాతంగిది పదవి. పూనకం ఎవరికైనా రావచ్చు. తెలంగాణలో దీన్ని సిగమూగడం, శివమెత్తడం అంటారు. తరచుగా పూనకం వచ్చే స్త్రీలు శివసత్తులు. జుట్టు విరబోసుకుని, వేపమండలు పట్టి, డప్పు లయకు ఊగుతారు. చుట్టూ ఉన్నవాళ్లు మొదట అడిగే ప్రశ్న ఏ తల్లివమ్మా అని. పేరు తెలిస్తే కోరిక తెలుస్తుంది, కోరిక తీరిస్తే శాంతిస్తుంది. నిమ్మకాయ ఇచ్చి, సాక పోసి, హారతి పట్టి సాగనంపుతారు.

పూనకానికి మనస్తత్వ శాస్త్రం వేరే వివరణ ఇస్తుంది: లయబద్ధమైన మోత, ఉపవాసం, గుంపులో ఉద్వేగం, అణచుకున్న బాధ కలిసి మామూలు స్పృహను పక్కకు నెడతాయని. రెండు వివరణలూ ఒక విషయంలో కలుస్తాయి. మామూలు రోజుల్లో నోరెత్తలేని కోడలు, కూలి మనిషి ఆ క్షణంలో ఏం మాట్లాడినా ఇంటిల్లిపాదీ విని తీరాలి.

కథ చెప్పేవారు, కర్మ నడిపేవారు

గర్భగుడి లోపలి పూజ అర్చకులది. బయటి కర్మ చాలావరకు ఇతర కులాల చేతుల్లో ఉంది. బైండ్లవారు జమిడిక వాయిస్తూ ఎల్లమ్మ కథ చెబుతారు, గ్రామదేవతల కొలుపులు నడుపుతారు. పంబలవారి వాద్యం పంబ. గొల్ల కురుమల దేవుడు మల్లన్న కథను ఒగ్గువారు ఒగ్గు డమరుకంతో, డోళ్లతో పాడతారు, నేల మీద రంగుపొడులతో పట్నం వేస్తారు. కుమ్మరి ఇచ్చే కుండ, చాకలి పట్టే దివిటీ, డప్పు కొట్టే మాదిగల దరువు లేకుండా పండుగ కదలదు. మామూలు రోజుల్లో అంటరానివారన్న చేతులే ఆ రోజు దేవతను కదిలిస్తాయి. పండుగ ముగిశాక ఆ గౌరవం ముగియడం ఈ వ్యవస్థలోని చేదు నిజం.

దిష్టి, గాలి, ఎరుక

అమ్మవార్లు ఊరి జబ్బులు చూస్తారు. ఇంటి చిన్న కష్టాలకు చిన్న మంత్రాలు చాలు. పసిబిడ్డ పాలు తాగకుండా ఏడిస్తే కల్లుప్పు, ఎండు మిరపకాయలు తల చుట్టూ తిప్పి నిప్పుల్లో వేస్తారు. ఘాటు రాకపోతే గట్టి దిష్టే తగిలిందని అర్థం. పసుపు, సున్నం కలిపిన ఎర్రనీళ్లతో దిగదుడిచి మూడు దారుల కూడలిలో పోస్తారు. పసుపులోని రంగుపదార్థం క్షారం తగిలితే ఎర్రబారుతుంది. చూసేవారికి అది చెడును నీళ్లు లాగేసుకున్నట్టు కనబడుతుంది. దుకాణాల ముందు నిమ్మకాయ, పచ్చి మిరపకాయల దండ, కొత్త ఇంటి గుమ్మానికి బూడిద గుమ్మడికాయ, కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలు ఈ నగరంలో అన్ని మతాల వీధుల్లో కనిపిస్తాయి.

వేళ కాని వేళ తిరిగితే గాలి సోకిందంటారు. పెళ్లికాని పిల్లలు, బాలింతలు చింతచెట్ల కిందికి, వల్లకాటి దిక్కుకు వెళ్లకూడదంటారు. ఎరుకలసాని సోది చెప్పి కారణం కనిపెడుతుంది, భూతవైద్యుడు తాయెత్తు కడతాడు. ఆసుపత్రికి వెళ్లడం, తాయెత్తు కట్టించుకోవడం ఒకదానికొకటి అడ్డమని సామాన్యులు అనుకోరు. మాత్ర జ్వరాన్ని తగ్గిస్తుంది, తాయెత్తు జ్వరం మా ఇంటికే ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు జవాబు ఇస్తుంది.

చేతబడి, బాణామతి

ఈ నమ్మకాల చీకటి ముఖం చేతబడి. తెలంగాణలో, దాన్ని ఆనుకున్న కర్ణాటక జిల్లాల్లో బాణామతి అన్న మాట ఎక్కువ వినిపిస్తుంది. కోస్తాలో చిల్లంగి అంటారు. బొమ్మకు సూదులు గుచ్చడం, వెంట్రుకలు, గోళ్లు, పాదధూళి సేకరించి మంత్రించడం ద్వారా దూరం నుంచే మనిషిని పడగొట్టవచ్చన్నది నమ్మకం.

దేవత ఒడంబడిక అందరి ఎదుట జరుగుతుంది, చేతబడి చాటున జరుగుతుందంటారు. అందుకే దాన్ని ఎవరూ చూడరు, అనుమానిస్తారు. అనుమానం సాధారణంగా ఒంటరి స్త్రీ మీదో, బలహీన కులం మీదో, భూతగాదా ఉన్న దాయాది మీదో వాలుతుంది. మంత్రం పలకకుండా పళ్లు ఊడగొట్టడం, చెట్టుకు కట్టి కొట్టడం, నిప్పంటించడం లాంటి ఘోరాలు తెలంగాణ జిల్లాల్లో నమోదయ్యాయి. చేతబడికి శక్తి ఉందా లేదా అన్నదాన్ని పక్కన పెట్టినా, చేతబడి అన్న నింద మనుషుల్ని చంపుతుందన్నది నిర్ధారణ అయిన విషయం.

దర్గాలు, పీర్లు

సికింద్రాబాద్‌కు తూర్పున మౌలాలి గుట్ట ఉంది. 1578లో కుతుబ్ షాహీ ఆస్థానానికి చెందిన యాకూత్ అనే నపుంసక ఉద్యోగి జబ్బుతో ఉండగా కలలో ఆకుపచ్చ దుస్తుల మనిషి కనబడి గుట్టమీదికి తీసుకెళ్లాడని, అక్కడ హజ్రత్ అలీ రాతి మీద చేయి ఆనించి కూర్చున్నాడని, తెల్లవారి చూస్తే ఆ చేతిగుర్తు దొరికిందని కథ. రజబ్ నెల 17న అక్కడ ఉత్సవం జరుగుతుంది. జబ్బు, దర్శనం, గుర్తు, గుడి: అప్పయ్య కథకూ యాకూత్ కథకూ అస్థిపంజరం ఒకటే.

మొహర్రంలో తెలంగాణ ఊళ్లలో పీర్ల పండుగ జరిగితే హిందువులు పీర్లు ఎత్తుతారు, నిప్పుల గుండం చుట్టూ ఆడతారు, పూనకం వస్తుంది. తావీజు కోసం ముస్లిం వైద్యుల దగ్గరికి హిందూ, క్రైస్తవ స్త్రీలు వెళ్లడం మామూలే. హైదరాబాద్‌లో అలాంటి ఒక ముస్లిం వైద్యురాలి గది గురించి జాయిస్ ఫ్లూకిగర్ రాసిన పుస్తకం 2006లో వెలువడింది. అక్షరాలకు అంకెల విలువ కట్టి రోగి కష్టాన్ని లెక్కగట్టే అబ్జద్ పద్ధతిని, తావీజుల రాతను అందులో వివరంగా నమోదు చేశారు. 1850లో పూర్తయి, 2008లో బసిలికా హోదా పొందిన సికింద్రాబాద్ సెయింట్ మేరీస్ చర్చిలో కొవ్వొత్తి మొక్కులకు కూడా అన్ని మతాల వారు వస్తారు.

జబ్బు, దైవం, సూక్ష్మదర్శిని

గత్తర దేవత వెలసిన ఊళ్లోనే మరో జబ్బు గుట్టు బయటపడింది. 1897 ఆగస్టు 20న బేగంపేటలోని సైనిక ఆసుపత్రిలో ఇండియన్ మెడికల్ సర్వీస్ వైద్యుడు రొనాల్డ్ రాస్ ఒక దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవి ఆనవాలు కనిపెట్టాడు. ఆ దోమలకు రక్తమిచ్చిన రోగి హుస్సేన్ ఖాన్‌కు కాటుకు అణా చొప్పున చెల్లించాడు. ఆ పరిశోధనకు 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ భవనం ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో ఉంది.

అంతకుముందే, 1884లో, రాబర్ట్ కాక్ కలకత్తాలో కలరా సూక్ష్మజీవిని నిర్ధారించాడు. మశూచి చివరి కేసు భారతదేశంలో 1975లో నమోదైంది, 1980లో ప్రపంచం నుంచే అది తొలగిపోయిందని ప్రకటించారు. జబ్బులు పోయాయి, తల్లులు పోలేదు. ముత్యాలమ్మ గుళ్లకు మొక్కులు తగ్గలేదు. ఇప్పుడు ఆమెను అడిగేవి ఉద్యోగం, వీసా, సంతానం, పరీక్షలో పాస్. ఒడంబడికలోని షరతులు మారాయి గానీ ఒడంబడిక రద్దు కాలేదు.

ప్రపంచ నేపథ్యం: మెసపొటేమియాతో పోలిక

దేవతతో ఇలా నేరుగా వ్యవహరించడం ప్రపంచంలో చాలా పాతది. లిఖిత ఆధారాలు సమృద్ధిగా దొరికేది ప్రాచీన మెసపొటేమియాలో, అంటే ప్రధానంగా నేటి ఇరాక్‌లో. అక్కడ మందులిచ్చే అసు, మంత్రించే ఆషిపు ఇద్దరూ రోగి మంచం పక్కకు వచ్చేవారు. గొర్రె కాలేయం చూసి శకునం చెప్పే బారు రాజాస్థానంలో ఉద్యోగి. పసిబిడ్డలను పొట్టనపెట్టుకునే లమాష్తు అనే దుష్టశక్తిని తరమడానికి అంతకంటే భయంకరమైన పజుజు బొమ్మను మెడలో కట్టేవారు. చేతబడికి విరుగుడుగా రాసిన మక్లూ అనే మంత్రమాలలో ఎనిమిది మంత్ర పలకలు, ఒక కర్మవిధి పలక ఉన్నాయి. మంత్రగత్తె బొమ్మలు చేసి రాత్రంతా కాల్చడం అందులోని ప్రధాన కర్మ.

రంగానికి అతి దగ్గరి పోలిక క్రీ.పూ. ఏడో శతాబ్దపు అస్సీరియాలో కనబడుతుంది. అర్బెలా పట్టణపు ఇష్తార్ దేవత తన ప్రవక్తల నోట, వారిలో ఎక్కువమంది స్త్రీలు, రాజు ఎసర్‌హాద్దోన్‌తో మాట్లాడింది. భయపడకు నేనున్నానని ధైర్యం చెబుతూనే నాకేం చేశావని నిలదీసింది. ఆ మాటలను మట్టిపలకల మీద రాసి నినెవేలో భద్రపరిచారు. అర్బెలా నేటి ఎర్బిల్. ఈ రెండు సంప్రదాయాలకూ చరిత్రలో సంబంధం లేదు. వైద్యానికి అందని చావులు, దేవతకు ఆకలి ఉంటుందన్న ఊహ, నోరున్న స్త్రీ: ఈ మూడూ కలిసినచోట ఇలాంటి కర్మ విడివిడిగా పుట్టగలదని మాత్రం పోలిక చూపుతుంది. తేడా ఏమిటంటే, ఇష్తార్ మాట్లాడింది రాజుతో, మహంకాళి మాట్లాడేది బజారుతో.

సంస్కరణ, చట్టం

దేవతకు స్త్రీలను అంకితం చేసే ఆచారం తెలంగాణలో జోగిని పేరుతో దళిత బాలికల లైంగిక దోపిడీగా మారింది. హేమలతా లవణం నిజామాబాద్ జిల్లాలో జోగినుల విముక్తికి, పునరావాసానికి ఏళ్ల తరబడి పనిచేశారు. 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దేవదాసీ అంకితాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. జోగిని, బసివి, మాతమ్మ పేర్లతో సాగేవన్నీ దాని కిందికి వస్తాయి. ఈ చరిత్ర వల్ల రంగం చెప్పే మాతంగి సంప్రదాయం మీద కూడా ప్రశ్నలు వస్తూనే ఉన్నాయి. గౌరవించేవారు ఆమెలో తల్లిని చూస్తే, విమర్శకులు పెళ్లికి దూరం చేయబడ్డ ఒక స్త్రీని చూస్తారు.

మంత్రాల మీద మరో పోరాటం హేతువాదులది. గోరా స్థాపించిన విజయవాడ నాస్తిక కేంద్రం నిప్పుల మీద నడిచి చూపింది. జనవిజ్ఞాన వేదిక కార్యకర్తలు కోసిన నిమ్మకాయలోంచి రక్తం రావడంలాంటి గారడీల గుట్టు ఊళ్లలో విప్పి చూపారు. మందార పూలు రుద్దిన కత్తితో నిమ్మకాయ కోస్తే పులుపు తగిలి ఎర్రబడుతుంది, అంతే. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో క్షుద్రవిద్యల నిరోధానికి ప్రత్యేక చట్టాలు చేశాయి.

అధ్యయనాలు

తెలుగు గ్రామదేవతల గురించి వలస కాలంలో ఎక్కువగా రాసింది మిషనరీలు, అధికారులు. నెల్లూరు ప్రాంతపు ఆధారాలతో విల్బర్ ఎల్మోర్ 1915లో, దక్షిణాది గ్రామదేవతలపై మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ 1916లో పుస్తకాలు వెలువరించారు. బలుల వివరాలను శ్రద్ధగా నమోదు చేసినా, వాటిని వెనుకబాటుకు గుర్తుగానే చూశారు. సయ్యద్ సిరాజుల్ హసన్ 1920లో నిజాం రాజ్యపు కులాలు, తెగల మీద తెచ్చిన గ్రంథంలో వారి ఆచారాలు కూడా ఉన్నాయి. సికింద్రాబాద్‌కు ఉత్తరాన ఉన్న శామీర్‌పేటను అధ్యయనం చేసి ఎస్.సి. దూబే 1955లో ప్రచురించిన గ్రంథం ధోరణి మార్చింది. దేవతలు, దయ్యాలు, పండుగలను ఊరి సామాజిక జీవితంలో భాగంగా ఆయన చూశారు.

వర్తమానం

2014లో తెలంగాణ ప్రభుత్వం బోనాలను రాష్ట్ర పండుగగా ప్రకటించింది. ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు సమర్పిస్తారు. బస్తీ ఆచారం తెలంగాణ గుర్తింపుకు చిహ్నమై, వలస వెళ్లిన తెలుగువారితో లండన్‌కు, అమెరికా నగరాలకు కూడా చేరింది. అక్కడ బోనం ఉంటుంది, పోతురాజు వేషం ఉంటుంది. పొలిమేర ఉండదు గనక గావు, పొలి ఉండవు.

ఈ పండుగకు అసలు పరీక్ష 2020లో ఎదురైంది. కోవిడ్ కారణంగా ఆ జులైలో లష్కర్ బోనాలకు భక్తులను రానివ్వలేదు, బోనాలు ఇళ్లలోనే చేసుకోమన్నారు. మహమ్మారి పోగొట్టినందుకు పుట్టిన పండుగ మహమ్మారి వల్ల తలుపులు మూసుకుంది. అయినా సోమవారం ఉదయం గుడిలో కొద్దిమంది సమక్షంలో రంగం జరిగింది. జనం లేకపోయినా మాతంగి పచ్చికుండ ఎక్కింది, పెద్దలు ఎప్పటిలాగే జబ్బు గురించి అడిగారు, అమ్మవారు ఎప్పటిలాగే తన బాకీ గుర్తుచేసింది.